హైదరాబాద్ నుంచి డాలస్‌కు: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ఏ దారి ఎవరికి నప్పుతుంది

మా పాప చదువుకునే బల్ల మీద ఒక చిన్న భూగోళం ఉంది. దాని మీద హైదరాబాద్ దగ్గర దారం కొసను వేలితో అదిమిపట్టి, రెండో కొసను డాలస్ దాకా బిగువుగా లాగితే, ఆ దారం పడమటికీ పోదు, తూర్పుకూ పోదు. తిన్నగా ఉత్తరానికి ఎక్కుతుంది. ఢిల్లీ పక్కనుంచి, లద్దాఖ్ కొండల మీదుగా, బిష్కెక్, అల్మాటీ నగరాల నడుమ దూరి, సైబీరియాలోని ఓమ్స్క్‌ను తాకి, ఉత్తర ధ్రువానికి కేవలం అయిదు డిగ్రీల ఎడంగా మంచు సముద్రాన్ని దాటి, కెనడాలోని హడ్సన్ అఖాతం మీదుగా మిన్నెసోటా, కాన్సస్ రాష్ట్రాలలోకి దిగి డాలస్ చేరుతుంది. హైదరాబాద్ తూర్పు రేఖాంశం 78 డిగ్రీల దగ్గర, డాలస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల దగ్గర ఉండడం వల్ల రెండు నగరాలూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి; అందుకే వాటి మధ్య అతి దగ్గరి దారి ధ్రువం పక్కనుంచి పోతుంది.

ఆ దారం పొడవు లెక్క కడితే సుమారు 14,400 కిలోమీటర్లు వస్తుంది. పెద్ద విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది కనుక భాగహారం చేసి పదహారు గంటలని చెప్పేవారున్నారు. అమెరికా ప్రయాణం ఖాయమైన ఇంట్లో ముందుగా వినబడేది ఈ సంఖ్యే, మనసులో నాటుకుపోయేదీ ఇదే. కానీ ఆ దారిలో ఎగిరే విమానం లేదు. అంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు లేకపోవడం దీనికి కారణం కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా ఉన్న దూరాన్ని విమానాలు ఆగకుండానే దాటుతున్నాయి. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు వారానికి ఒకసారి నేరు విమానం మొదలుపెట్టింది గాని అది నిలదొక్కుకోలేదు. డాలస్‌కు మాత్రం మధ్యలో కనీసం ఒక మజిలీ తప్పదు. కాబట్టి ఎంత దూరం అన్న ప్రశ్న కన్నా ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు ఆగాలి అన్న ప్రశ్నలే అసలైనవి.

డాలస్, దాని చుట్టూ ఉన్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏటా వేసవిలో తల్లిదండ్రులు వస్తారు, ఆగస్టులో విద్యార్థులు వస్తారు, డిసెంబరులో ఇక్కడివారు ఇంటికి వెళ్తారు. మా అమ్మను మూడుసార్లు ఇక్కడికి రప్పించుకున్న అనుభవంతో, టికెట్ తీసే ముందు నేను వేసుకునే లెక్కలను ఇక్కడ రాస్తున్నాను.

ముందు దూరాల సంగతి చూద్దాం. దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి ప్రయాణం సుమారు 2,550, రెండోది సుమారు 12,900, కలిపి 15,450 కిలోమీటర్లు. దోహా మీదుగా 2,900, 12,750 కలిపి దాదాపు 15,650. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260 కలిపి అంతే, 15,380. ఇవన్నీ భూగోళం మీద దారం పరిచినట్లు కట్టిన లెక్కలు. గాలిని, మూసి ఉన్న గగనతలాలను బట్టి విమానం నిజంగా తిరిగే దూరం ఇంకొంచెం పెరుగుతుంది. అయినా పోల్చడానికి ఇవి చాలు.

ఈ నాలుగు దారులలో అతి పొడవైనదానికీ అతి చిన్నదానికీ తేడా మూడు వందల కిలోమీటర్ల లోపే ఉంది, అంటే ఆకాశంలో ఇరవై నిమిషాల పని. గల్ఫ్ మీదుగా వెళ్తే చుట్టు తిరిగినట్లని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నిజానికి దోహాలో ఎక్కిన విమానానికి కూడా దగ్గరి దారి వాయవ్యంగా పోయి, యూరప్‌ను దాటి, ఐస్‌లాండ్ పక్కనుంచే అమెరికాలోకి దిగుతుంది. దోహాలో ఎక్కినా లండన్‌లో ఎక్కినా పైనుంచి చూసే సముద్రం ఒక్కటే. తేడా అంతా ప్రయాణాన్ని ఎక్కడ తెగ్గొడుతున్నాం అన్నదానిలో ఉంది: గల్ఫ్ దారిలో నాలుగు గంటల చిన్న ముక్క, పదహారు గంటల పెద్ద ముక్క, యూరప్ దారిలో దాదాపు సమానమైన రెండు పదేసి గంటల ముక్కలు.

పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడమంటే ఏమిటో అంకెలో చూస్తే తెలియదు. భోజనం పెడతారు, దీపాలు ఆర్పుతారు, ఒక నిద్ర అవుతుంది, మెలకువ వస్తుంది, ఎదుటి తెర మీద మిగిలిన సమయం చూస్తే ఇంకా తొమ్మిది గంటలు ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి, మాటిమాటికి బాత్రూమ్‌కు వెళ్లవలసిన అవసరం ఉన్నవారికి, కాళ్లలో నీరు చేరేవారికి ఆ తొమ్మిది గంటలు చాలా బరువుగా గడుస్తాయి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాలలో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల గుండెజబ్బు ఉన్నవారు, ఈ మధ్యే శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఇంతకు మునుపు ఇలాంటి గడ్డలు కట్టినవారు ఏ దారిలో వెళ్లాలన్నది టికెట్ తీశాక కాకుండా, తీయకముందే వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవడం మంచిది. ఏ దారిలో వెళ్లినా గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి లేచి నడవాలి. అందుకు కిటికీ సీటు కన్నా నడవ పక్క సీటు మేలు. కిటికీ సీటులో కూర్చున్న పెద్దవాళ్లు పక్కవారిని లేపడానికి మొహమాటపడి గంటల తరబడి ఆపుకుంటారు. అలా ఆపుకోవడమే కాదు, ఆ భయంతో మంచినీళ్లు కూడా తాగడం మానేస్తారు.

మరి అలాగైతే యూరప్ దారే మంచిది కదా అనవచ్చు. ఆరోగ్యం ఒక్కటే చూస్తే అంతే. అయితే మొదటిసారి ఒంటరిగా వచ్చే తల్లికో తండ్రికో అసలు కష్టం కుర్చీలో కాదు, విమానం దిగాక మొదలవుతుంది. గల్ఫ్ విమానాశ్రయాలలో హిందీ మాట్లాడే సిబ్బంది అడుగడుగునా కనబడతారు, తెలుగు మాట్లాడేవారూ తరచుగా తగులుతారు. హైదరాబాద్ నుంచి వచ్చిన విమానంలోనే డాలస్‌కు వెళ్లే మరో తెలుగు కుటుంబం ఉండే అవకాశం ఎక్కువ. వారి వెనుకే నడుచుకుంటూ పోతే చాలు. లండన్‌లో ఒక టెర్మినల్‌లో దిగి మరో టెర్మినల్‌లో ఎక్కవలసి వస్తే బస్సు పట్టుకోవాలి, మళ్లీ భద్రతా తనిఖీలో నిలబడాలి, ఇంగ్లిషులో అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. వీల్‌చెయిర్ కోరితే ఈ కష్టంలో చాలా భాగం తీరుతుంది. ఆ సేవకు డబ్బు కట్టనక్కరలేదు, టికెట్ తీసేటప్పుడే రాయించుకోవాలి. అయితే వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లినవారిని ఒక్కోసారి ఒకచోట కూర్చోబెట్టి, విమానం వేళకు వచ్చి తీసుకెళ్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే, తనను మరచిపోయారేమోనని పెద్దవాళ్లు అక్కడ కంగారుపడతారు.

మా అమ్మ రెండోసారి యూరప్ మీదుగా వచ్చినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. దారిలో చప్పిడి అన్నం సహించదని, అరచేతిలో ఇమిడేంత గాజు సీసాలో ఆవకాయ పెట్టుకుని, నూనె కారకుండా పాత పంచె ముక్కలో చుట్టి, దారంతో మూడు ముళ్లు వేసి చేతిసంచిలో ఉంచుకుంది. మజిలీలో తనిఖీ చేసే ఉద్యోగి ఆ మూడు ముళ్లూ ఓపిగ్గా విప్పి, సీసాను వెలుతురుకు పట్టి చూసి, తల అడ్డంగా ఊపి, పక్కన ఉన్న డబ్బాలో వేశాడు. గుడ్డముక్కను మాత్రం మడతపెట్టి తిరిగి ఇచ్చాడు. అమ్మ మా ఇంటికి వచ్చాక ఆ గుడ్డను నా చేతిలో పెట్టి జరిగింది చెప్పింది. చేతి సామానులో వంద మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు తేకూడదని చాలా విమానాశ్రయాలలో ఉన్న నిబంధనలోకి నూనె ఊరగాయ కూడా వస్తుందని నేను ముందే చెప్పి ఉండవలసింది. ఊరగాయలు, నెయ్యి, పచ్చళ్లు పెద్ద పెట్టెలోనే పెట్టాలి. మజిలీలో మళ్లీ తనిఖీ జరుగుతుంది కాబట్టి శంషాబాద్‌లో దాటిపోయినంత మాత్రాన చివరిదాకా వస్తుందన్న నమ్మకం లేదు.

ఇక మూడో దారి, ఢిల్లీ మీదుగా షికాగోకు వెళ్లి, అక్కడినుంచి డాలస్‌కు మరో విమానం ఎక్కడం. కిలోమీటర్లలో చూస్తే దీనికన్నా దగ్గరిది లేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 1,260, ఢిల్లీ నుంచి షికాగోకు సుమారు 12,000, అక్కడినుంచి డాలస్‌కు దాదాపు 1,290, అంతా కలిపితే దాదాపు 14,550 కిలోమీటర్లే. మొదట చెప్పిన దారం దాదాపుగా ఢిల్లీ మీదుగానే పోతుంది కదా, అందుకే ఈ దారి దానికి అంత దగ్గరగా ఉంటుంది. గల్ఫ్, యూరప్ దారులకన్నా ఎనిమిది వందల నుంచి పదకొండు వందల కిలోమీటర్ల దాకా తక్కువ. అయినా ఇల్లు చేరడానికి పట్టే సమయంలో మాత్రం ఇదే ఎక్కువ కావచ్చు, ఎందుకంటే దీనిలో రెండు మజిలీలు ఉన్నాయి. పైగా 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు దక్షిణంగా చుట్టు తిరగవలసి వచ్చింది, వాటిలో కొన్ని ఇంధనం కోసం వియన్నాలో దిగవలసి వచ్చింది. ఇలాంటి పరిస్థితులు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ తీసే రోజున ఆ విమానం అంతకుముందు వారం నిజంగా ఎన్ని గంటలు ఎగిరిందో చూసుకోవడం అవసరం. విమానాల జాడ చూపే యాప్‌లలో అది ఎవరికైనా కనబడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు ఈ దారికి మరో చిక్కు. హైదరాబాద్ నుంచి వెళ్లే తెల్లవారుజాము విమానం రెండు గంటలు ఆలస్యమైతే పెద్ద విమానం తప్పిపోతుంది.

ఈ దారిలో పెద్దవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఢిల్లీ కాదు, షికాగో. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్ పూర్తిచేసుకోవాలి. అక్కడే పెద్ద పెట్టెలను బెల్టు మీదనుంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, తరువాతి విమానానికి మళ్లీ అప్పగించాలి. హైదరాబాద్‌లో పెట్టెకు డాలస్ చీటీ అంటించారు కదా, అదే పోతుందిలే అనుకుంటే పెట్టె అక్కడే ఉండిపోతుంది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు డబ్బు ఆదా అవుతుందని నేను ఇలాంటి రెండు మజిలీల టికెట్ తీశాను. ఒక పెద్ద అమెరికా నగరంలో ఇమిగ్రేషన్ వరుస రెండు గంటలకు పైగా సాగింది. ఆ తరువాత ఇరవై మూడేసి కిలోల రెండు పెట్టెలు బెల్టు మీద తన ముందునుంచి నాలుగుసార్లు తిరిగిపోతుంటే, వాటిని దింపలేక, ఎవరినైనా అడగడానికి భాష చాలక అమ్మ నిలబడిపోయింది. చివరకు ఎవరో గుజరాతీ యువకుడు దింపి పెట్టాడు. ఈలోగా డాలస్ విమానం వెళ్లిపోయింది. టికెట్ అంతా ఒకే బుకింగ్‌లో ఉండడం వల్ల తరువాతి విమానంలో ఖర్చు లేకుండా ఎక్కించారు, కానీ అప్పటికి అమ్మ ఇల్లు విడిచి ముప్పై నాలుగు గంటలు దాటింది. మిగిలిన డబ్బు ఎంతో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ డబ్బుకోసం అమ్మను అంతగా కష్టపెట్టానే అన్న బాధ ఇంకా ఎక్కువగా గుర్తుంది.

అందుకే దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ అన్న తేడా కన్నా ముందు, అమెరికాలో మొదట దిగే ఊరు డాలస్ అవునా కాదా అన్నది చూడమంటాను. ఎమిరేట్స్ 2012 ఫిబ్రవరి నుంచి దుబాయ్–డాలస్ మధ్య, ఖతార్ ఎయిర్‌వేస్ 2014 జులై నుంచి దోహా–డాలస్ మధ్య ఆగకుండా ఎగిరే విమానాలు మొదలుపెట్టాయి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల నుంచి కూడా డాలస్‌కు నేరు విమానాలు ఉన్నాయి. వీటిలో ఏది ఎక్కినా ఇమిగ్రేషన్ డాలస్‌లోనే జరుగుతుంది, పెట్టెలు అక్కడే చేతికి వస్తాయి, తలుపు అవతల మనవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. వరుస ఎంత పొడవున్నా తప్పిపోవడానికి మరో విమానం ఉండదు. అబుదాబి విమానాశ్రయానికి ఒక ప్రత్యేకత ఉంది: అక్కడ 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే ఉండి, విమానం ఎక్కకముందే పరిశీలన పూర్తిచేస్తారు. న్యూయార్క్, షికాగో వెళ్లేవారికి అది గొప్ప సౌకర్యమే గాని, డాలస్ వెళ్లేవారు ఎలాగూ మరో విమానం మారాలి కాబట్టి దానివల్ల ఒక మజిలీ పెరుగుతుంది.

తూర్పు దారి గురించి కూడా కొందరు అడుగుతుంటారు. క్యాథే పసిఫిక్ 2025 ఏప్రిల్‌లో హాంకాంగ్ నుంచి డాలస్‌కు నేరు విమానం మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి హాంకాంగ్‌కు 3,750, అక్కడినుంచి డాలస్‌కు 13,050, కలిపితే 16,800 కిలోమీటర్లు. గల్ఫ్, యూరప్ దారులకన్నా వెయ్యికి పైగా ఎక్కువైనా, పసిఫిక్ మీద గాలి వెనుకనుంచి తోస్తుంది కాబట్టి గంటలలో తేడా అంత కనబడదు. చార్జీ బాగా తక్కువగా దొరికినప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవారు ఆలోచించదగ్గ దారి అది.

గాలి సంగతి వచ్చింది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వెళ్లే దారినీ వచ్చే దారినీ వేరువేరుగా ఎంచుకోవడానికి అదే ఆధారం. భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, విమానాలు ఎగిరే చోటనే, పడమటి నుంచి తూర్పుకు చాలా వేగంగా వీచే గాలి ప్రవాహం ఉంది. చలికాలంలో దాని వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. అట్లాంటిక్ మీదుగా అమెరికాకు వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, తిరిగి వచ్చేదానికి వెనుకగాలి. అందుకే దోహా నుంచి డాలస్‌కు పదహారు గంటలకు పైగా పడితే, డాలస్ నుంచి దోహాకు పద్నాలుగున్నర నుంచి పదిహేను గంటలలో చేరవచ్చు. లండన్ నుంచి డాలస్‌కు పది గంటలకు పైగా పడితే, తిరిగి వచ్చేటప్పుడు తొమ్మిది గంటల దాకా పడుతుంది. కాబట్టి ఎక్కువసేపు కూర్చోలేనివారు వెళ్లేటప్పుడు యూరప్ మీదుగా వెళ్లి, వచ్చేటప్పుడు గల్ఫ్ మీదుగా రావడం ఒక తెలివైన పద్ధతి. ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ మూడూ వన్‌వరల్డ్ అనే ఒకే కూటమిలో ఉన్నాయి. అందుచేత వెళ్లడం లండన్ మీదుగా, రావడం దోహా మీదుగా ఉండేటట్లు ఒకే టికెట్‌గా తీయడం చాలాసార్లు వీలవుతుంది. ఆన్‌లైన్‌లో దొరకకపోతే ట్రావెల్ ఏజెంటును అడిగితే చేసిపెడతాడు.

టికెట్ మీద రాసిన సమయాలు చూసి ఎన్ని గంటలో తేల్చుకోవడం కూడా చాలామందికి చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే బయలుదేరే వేళ భారత కాలమానంలో, చేరే వేళ డాలస్ కాలమానంలో ఉంటాయి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనుక ఉంటుంది, మిగిలిన నెలల్లో పదకొండున్నర గంటలు వెనుక. ఉదాహరణకు జూన్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు హైదరాబాద్‌లో ఎక్కి, అదే ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు డాలస్‌లో దిగుతామని టికెట్ మీద ఉందనుకుందాం. చూడడానికి పన్నెండున్నర గంటలే. దానికి పదిన్నర కలిపితే నిజమైన ప్రయాణం ఇరవై మూడు గంటలని తేలుతుంది. దోహా దారిలో నాలుగుంబావు గంటల మొదటి విమానం, రెండున్నర గంటల మజిలీ, పదహారుంబావు గంటల రెండో విమానం కలిపితే సరిగ్గా ఇంతే. తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. శుక్రవారం సాయంత్రం డాలస్‌లో ఎక్కినవారు హైదరాబాద్‌లో దిగేసరికి ఆదివారం తెల్లవారుజాము అవుతుంది, శనివారమంతా ఆకాశంలోనే కరిగిపోతుంది. శుభకార్యానికో, ఇతర ముఖ్యమైన పనికో వెళ్లేవారు తేదీ లెక్క వేసుకునేటప్పుడు ఇక్కడే పొరపాటు పడుతుంటారు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ లెక్క మరీ ముఖ్యం: గడియారం చూసి కాక, గడిచిన గంటలు చూసి మందు ఎప్పుడు వేసుకోవాలో వైద్యునిచేత కాగితం మీద రాయించుకోవాలి. మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

మజిలీ ఎంతసేపు ఉండాలన్నదానికి నా అంచనా ఇది. గల్ఫ్‌లో రెండు నుంచి నాలుగు గంటలు హాయిగా సరిపోతాయి. గంటన్నర కన్నా తక్కువైతే మొదటి విమానం కొంచెం ఆలస్యమైనా పరుగులు తీయాలి. యూరప్‌లో టెర్మినల్ మారవలసి ఉంటే మూడు గంటలకు తగ్గకూడదు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లో విమానం మారవలసి వస్తే నాలుగు గంటలు ఉంచుకోవాలి. ఎనిమిది గంటలు దాటిన మజిలీ పడుచువాళ్లకు ఊరు చూసే అవకాశం కావచ్చు గాని, డెబ్బై ఏళ్లవారికి అది మరో ప్రయాణం చేసినంత అలసట.

వీసా కూడా దారిని నిర్ణయిస్తుంది. పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న తల్లిదండ్రులకు, అమెరికా వెళ్లే దారిలో లండన్‌లోగాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోగాని విమానం మారడానికి సాధారణంగా వేరే ట్రాన్సిట్ వీసా అక్కరలేదు. అయితే ఇక్కడ ఉద్యోగం చేస్తూ, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయి, ఇండియా వెళ్లి కొత్తది వేయించుకోవాలనుకునేవారి పరిస్థితి వేరు. యూరప్‌లోని కొన్ని దేశాలు వారిని ట్రాన్సిట్ వీసా అడగవచ్చు, అది లేదని డాలస్‌లో విమానం ఎక్కనివ్వకపోవచ్చు. దోహా, దుబాయ్‌లలో విమానాశ్రయం దాటి బయటకు రాకుండా విమానం మారేవారికి ఈ బెడద లేదు. ఇలాంటివారికి నేను రెండో ఆలోచన లేకుండా గల్ఫ్ దారే చెబుతాను.

ఆగస్టులో చదువుకు వచ్చే విద్యార్థుల విషయంలో నా సలహా కొంచెం సడలింపుగా ఉంటుంది. ఇరవై రెండేళ్ల వయసులో రెండు మజిలీలు పెద్ద బరువేమీ కాదు, మిగిలిన డబ్బు మొదటి నెల అద్దెకు పనికివస్తుంది. అయితే విద్యార్థి వీసాకు ఆధారంగా విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం, అడ్మిషన్ కాగితాలు పెద్ద పెట్టెలో పెట్టి తాళం వేయకూడదు. ఇమిగ్రేషన్ అధికారి అడిగేసరికి ఆ పెట్టె ఇంకా చేతికి రాదు. చార్జీ కోసం రెండు విడివిడి టికెట్లు తీసుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఒకే బుకింగ్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు సంస్థే మరో విమానంలో పంపాలి, విడి టికెట్లయితే ఆ నష్టం మనదే. 2025 జూన్ 23న ఖతార్ గగనతలాన్ని ఉన్నట్టుండి కొన్ని గంటలు మూసివేసినప్పుడు ఎన్నో విమానాలు దారి మళ్లాయి. అలాంటి రోజుల్లో ఒకే బుకింగ్ విలువ తెలుస్తుంది. డాలస్‌లో కూడా ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రాలు వచ్చే ఉరుముల గాలివానలకు విమానాలను పక్క ఊళ్లకు మళ్లిస్తుంటారు. ఆ నెలల్లో వచ్చేవారికోసం విమానాశ్రయానికి బయలుదేరే ముందు ఒకసారి చూసుకోవాలి.

పసిపిల్లలతో వచ్చే తల్లులకు లెక్క ఇంకోలా ఉంటుంది. బిడ్డ నిద్రపోయే రాత్రి వేళ పెద్ద ముక్క పడితే గల్ఫ్ దారి సుఖం. ముందు వరుసలో గోడకు తగిలించే ఉయ్యాల ఉన్న సీటును టికెట్ తీసిన రోజే అడగాలి, అవి విమానానికి కొన్నే ఉంటాయి. యూరప్ దారిలో పది గంటలకు ఒకసారి నిద్రలేపి, బస్సెక్కించి, తనిఖీలో చెప్పులు విప్పించి, మళ్లీ విమానం ఎక్కించడం నడక నేర్చిన పిల్లలతో ఎంత కష్టమో చేసినవారికి తెలుసు.

ఈ డిసెంబరులో అమ్మ నాలుగోసారి వస్తోంది. ఇప్పుడు తనకు డెబ్బై నాలుగేళ్లు, ఎడమ మోకాలు మునుపటిలా లేదు. చలికాలపు ఎదురుగాలిలో పదహారు గంటలకు పైగా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేక, ఇక్కడికి వచ్చేటప్పుడు లండన్ మీదుగా మూడున్నర గంటల మజిలీతో, తిరిగి వెళ్లేటప్పుడు దోహా మీదుగా, అంతా ఒకే బుకింగ్‌లో తీశాను. రెండువైపులా నడవ పక్క సీటు, వీల్‌చెయిర్, శాకాహార భోజనం రాయించాను. చార్జీ ఆ రోజు దొరికిన అతి చవక టికెట్ కన్నా కొంచెం ఎక్కువే. టికెట్ కాగితం ఫోన్‌లో పంపి, ఏ ఊళ్లో ఎంతసేపు ఆగాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇమ్మని అక్కడ ఉన్న తమ్ముడికి చెప్పాను. ఆవకాయ సంగతి అమ్మే గుర్తుచేసింది, ఈసారి పెద్ద పెట్టెలో అడుగున పెట్టుకుంటానంది.